మూత అని ఎక్కడా రాయని మూత: పాలమూరులో ఒక నూలు మిల్లు కేసు

గేటుకు అంటించిన కాగితంలో మూసివేత అన్న మాటే లేదు. 'విద్యుత్ కొరత వల్ల ఉత్పత్తి తాత్కాలికంగా నిలిపివేయడమైనది, కార్మికులకు లేఆఫ్ ప్రకటించడమైనది' అని నాలుగు లైన్లు, కింద ఫ్యాక్టరీ మేనేజరు పొట్టి సంతకం. 2022 జూన్ రెండో వారంలో ఆ కాగితం ఫోటో నాకు వాట్సాప్‌లో పంపింది, నూలు వడికే రింగ్ ఫ్రేముల మీద పద్నాలుగేళ్లుగా సైడర్ పని, అంటే ఫ్రేము చూసుకుంటూ తెగిన పోగులు అతికే పని, చేస్తున్న ఒకామె. ఫోటో వెనకాలే ఒక వాయిస్ మెసేజ్. "సార్, మిల్లు బందైనట్టా, బందు గానట్టా? మాకేం సమజైతలేదు."

నాకూ వెంటనే సమజ్ కాలేదు. లేఆఫ్ అంటే ఉద్యోగం తీసేయకుండా పని మాత్రం కొన్నాళ్లు ఆపడం. ఏడాది నడిచిన కేసంతా ఆమె అడిగిన ప్రశ్న చుట్టూనే తిరిగింది.

నేను మహబూబ్‌నగర్‌లో లేబర్ కేసులు చూసే వకీలుని. ఈ కేసులో యూనియన్ తరఫున ఉన్నాను కాబట్టి నా మొగ్గు ఎటువైపో చెప్పక్కర్లేదు. మిల్లు పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. హైవే నుంచి నాలుగు కిలోమీటర్లు లోపల, జొన్నచేలూ పత్తిచేలూ మధ్యన ఉండే ఒక మోస్తరు స్పిన్నింగ్ మిల్లు అనుకోండి.

మిల్లు, మనుషులు

పాలమూరు అంటే వలస అని ఊరికే అనలేదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లనూ పిల్లలనూ ఊళ్లో వదిలి, దేశంలో ఎక్కడ డ్యాం కడుతుంటే అక్కడికి మట్టిపనికి పోయిన జిల్లా ఇది. బొంబాయి బస్సు ఎక్కని ఇల్లు లేని తండాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ బస్సు ఎక్కకుండా ఆపినవాటిలో ఈ మిల్లు ఒకటి. జీతం గొప్పదేమీ కాదు. కానీ నెలనెలా వచ్చేది, పీఎఫ్ కోసేవాళ్లు, ఈఎస్ఐ కార్డు ఉండేది, పిల్లలు ఒకే బడిలో పదో తరగతి దాకా చదివేవాళ్లు. ఆ చివరిది ఎంత పెద్ద విషయమో మట్టిపనికి పోయివచ్చిన వాళ్లను అడగండి.

రోల్స్ మీద, అంటే మిల్లు సొంత ఉద్యోగుల జాబితాలో, 86 మంది. ఇద్దరు కాంట్రాక్టర్ల కింద ఇంకో 61 మంది. వీళ్లూ వాళ్లూ అవే ఫ్రేముల దగ్గర, అదే షిఫ్టులో, అదే జాబర్ చెప్పిన పని చేసేవాళ్లు. తేడా అంతా జీతం స్లిప్పులోనే.

మిల్లు ఎందుకు ఆగింది? మేనేజ్‌మెంటు చెప్పినదాంట్లో సగం నిజమే. 2022 మే నాటికి దూది ధర క్యాండీకి, అంటే 356 కిలోలకు, లక్ష రూపాయలు దాటింది. కేంద్రం ఏప్రిల్‌లోనే పత్తి దిగుమతి సుంకం ఎత్తేసినా ధర దిగలేదు. నూలు ధర ఆ వేగంతో పెరగలేదు, కొనేవాళ్లు చేతులెత్తేశారు. తమిళనాట కూడా మిల్లులు షిఫ్టులు తగ్గించిన కాలం అది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఈ మిల్లు కార్మికుల్లో చాలామందికి రెండెకరాలో మూడెకరాలో పత్తి ఉంది. ఆ సీజన్‌లో మద్దతు ధర పొడుగు పింజకు క్వింటాలుకు 6,025 రూపాయలే అయినా, మార్కెట్లో పదివేలు దాటింది. పత్తి ధర పెరిగిందని ఇంట్లో సంబరపడ్డారు, ఆ ధరే మిల్లును మింగింది. ఆ సంబరమైనా పూర్తిగా దక్కలేదు. చిన్న రైతు పత్తి ఇంట్లో పెట్టుకుని ఆగలేడు కదా, పదివేలు పలికేనాటికి చాలామంది అమ్మేసుకున్నారు. సైడరామె ఇంటి పత్తి సంక్రాంతి ముందే ఊరి దళారికి పోయింది.

కరెంటు కొరత

నోటీసులో 'విద్యుత్ కొరత' అన్న రెండు మాటలు ఊరికే రాసినవి కావు. వంద మందో అంతకు మించో పనిచేసే ఫ్యాక్టరీలో లేఆఫ్ పెట్టాలంటే అప్పుడు అమల్లో ఉన్న ఇండస్ట్రియల్ డిస్ప్యూట్స్ చట్టం సెక్షన్ 25-ఎం కింద ముందుగా ప్రభుత్వ అనుమతి కావాల్సి ఉండేది. కరెంటు కొరత వల్లో ప్రకృతి వైపరీత్యం వల్లో అయితే అక్కర్లేదు. ఆ నోటీసు రాసినాయనకు చట్టం బాగా తెలుసు.

సబ్‌స్టేషన్‌లో పనిచేసే ఒకాయన యూనియన్ కార్యదర్శికి మేనబావ. ఫోన్ చేసి అడిగితే ఆయన నవ్వాడు. "కరెంటు కొరత గాదన్నా, బిల్లు కట్టక మేమే కోసినం." మిల్లు హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ బకాయి నోటీసు కాపీ సంపాదించాం. కొరత కరెంటుకు కాదు, బిల్లు డబ్బుకు వచ్చిందని కన్సిలియేషన్ అధికారి, అంటే ఇరుపక్షాలకూ రాజీ కుదిర్చే కార్మిక శాఖ అధికారి, ముందు పెట్టిన మొదటి కాగితం అదే.

లేఆఫ్ ఎలా పనిచేస్తుందో బయటివాళ్లకు తెలియదు కాబట్టి కొంచెం చెప్తాను. లేఆఫ్ రోజులకు బేసిక్, డీఏలో సగం ఇవ్వాలి. కానీ సెక్షన్ 25-ఇ ప్రకారం కార్మికుడు రోజుకు ఒకసారి, చెప్పిన వేళకు, గేటు దగ్గరికొచ్చి కనబడాలి. రాని రోజు పైసా రాదు. సైడరామె నెల జీతం 11,700. ఇరవై ఆరు రోజులకు లెక్కేస్తే రోజుకు 450, అందులో సగం 225. ఆ సంవత్సరం ఉపాధి హామీ రోజు కూలి మన రాష్ట్రంలో 257 రూపాయలు. గేటు దగ్గర మస్టర్‌లో సంతకం పెట్టడానికి పొద్దున్నే పోతే ఉపాధి పనికి అందదు, ఉపాధి పనికి పోతే మస్టర్‌లో గైరుహాజరు. అయినా ఆడవాళ్లు రోజూ గేటుకే వచ్చారు. ఎందుకమ్మా అంటే, "మల్ల తెరుస్తరు గద సార్, మేం లేకుంటే పేరు తీసేస్తరు" అన్నారు. ఆ మాట నేనూ నమ్మాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

బదిలీ కార్మికులకూ (ఇంకొకరి బదులు పనికి వచ్చేవాళ్లు) ఏడాది నిండని వాళ్లకూ లేఆఫ్ డబ్బు రాదు. కాంట్రాక్టు వాళ్లను గేటు దాటి రానివ్వనే లేదు. వాళ్లకు నోటీసు కూడా లేదు. సూపర్‌వైజర్ ఫోన్ చేసి "రేపట్నుంచి రాకుండ్రి" అన్నాడు, అంతే.

సంతకాలు

జూలై చివర్లో, లేఆఫ్ 45 రోజులు నిండబోతుండగా, పర్సనల్ ఆఫీసు నుంచి ఒక్కొక్కరికీ పిలుపు వచ్చింది. టేబుల్ మీద తెలుగులో టైపు చేసిన ఫారం. 'నా సొంత కారణాల వల్ల, ఎవరి ఒత్తిడీ లేకుండా ఉద్యోగానికి రాజీనామా చేయుచున్నాను. నాకు రావలసినవన్నీ ముట్టినవి.' పేరుకు ఖాళీ, టోకెన్ నంబరుకు ఖాళీ. సంతకం పెడితే 30,000 చెక్కు.

సైడరామె లెక్క ఒకటి వేసి చూపిస్తాను, ఆ 30,000 విలువేమిటో తెలుస్తుంది. గ్రాట్యుటీ: 11,700ని 26తో భాగించి, 15తో హెచ్చించి, 14 ఏళ్లకు లెక్కేస్తే 94,500. మూసివేత పరిహారం సెక్షన్ 25-ఎఫ్ఎఫ్ఎఫ్ కింద ఏడాదికి 15 రోజుల సగటు వేతనం, అంటే 5,850 చొప్పున 81,900. నోటీసు బదులు నెల జీతం 11,700. మొత్తం 1,88,100.

నష్టాలొచ్చాయి, సరుకు అమ్ముడుపోలేదు అంటే పరిహారం మూడు నెలల జీతానికి కుదించవచ్చని యజమానులు తరచూ అంటుంటారు. ఆ కుదింపు యజమాని చేతిలో లేని, తప్పించుకోలేని పరిస్థితులకే. కేవలం ఆర్థిక ఇబ్బందులూ, పేరుకుపోయిన నిల్వలూ ఆ లెక్కలోకి రావని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది.

రాజీనామా అన్న ఒక్క మాటతో ఇందులో ఏం పోతుంది? పరిహారం పోతుంది, నోటీసు జీతం పోతుంది. ఈఎస్ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటుంది, పని పోయినవాళ్లకు 90 రోజుల వరకు సగటు రోజు సంపాదనలో సగం ఇస్తుంది. తనంతట తాను మానేశానని రాసిచ్చిన వాళ్లకు అదీ కష్టమే. గ్రాట్యుటీ మాత్రం పోదు. అయిదేళ్లు నిండితే రాజీనామా చేసినా గ్రాట్యుటీ ఇచ్చి తీరాలి, 'అన్నీ ముట్టినవి' అని రాయించుకున్నా ఆ హక్కు చావదు. ఈ చివరి సంగతి ఆ రోజు నేను గట్టిగా చెప్పలేదు. "ఎవరూ సంతకం పెట్టొద్దు" అని మాత్రం గట్టిగా చెప్పాను.

29 మంది పెట్టారు. నాకు కోపం వచ్చింది, దాచుకోను. వారం తర్వాత వైండింగ్‌లో పనిచేసిన ఒకామె మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని అంది: "మీరు పెట్టొద్దంటిరి సార్. చిట్టీలామె ఇంటి ముందర కూసుంటే నేనేం జెప్పాలె? పిల్లగాన్ని బడిలోకి రానిస్తలేరు." విత్తనాల ఖర్చు, బడి ఫీజులు అన్నీ ఒక్కసారే మీద పడ్డ కాలం. పర్సనల్ ఆఫీసు వాళ్లు ఆ క్యాలెండర్ చూసే ఫారాలు కొట్టించారని ఇప్పటికీ నా అనుమానం.

డైరీలు

రోల్స్ మీద 86 అని మేనేజ్‌మెంటు ఊరికే పెట్టుకోలేదు. వందకు తగ్గకుండా ఉంటే అప్పటి చట్టంలోని 5-బి అధ్యాయం వర్తించేది. మూయడానికి 90 రోజుల ముందు సెక్షన్ 25-ఓ కింద ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకోవాల్సి ఉండేది. అనుమతి లేకుండా మూస్తే మూసినట్టే కాదు, జీతాలు నడుస్తూనే ఉంటాయి. వందకు తక్కువైతే సెక్షన్ 25-ఎఫ్ఎఫ్ఏ కింద 60 రోజుల నోటీసు సరిపోయేది. కాంట్రాక్టు 61 మందీ నిజానికి మిల్లు మనుషులేనని చూపిస్తే మొత్తం 147. కేసు బలమంతా ఈ లెక్క మీదే.

ఎలా చూపించాలి? కాంట్రాక్టర్ మస్టర్లు మాకు ఇవ్వరు. అప్పుడు బయటికొచ్చాయి జాబర్ డైరీలు.

ఎరువుల దుకాణం వాళ్లు ఉగాదికి పంచే చిన్న డైరీలు, నాలుగేళ్లవి నాలుగు. ఒకదాని మూల ఎలుక కొరికింది. అట్టల నిండా మిషన్ నూనె మరకలు. డాఫింగ్ (నిండిన బాబిన్లు దించే పని) ఇన్సెంటివ్ పంచేటప్పుడు గొడవలొస్తున్నాయని ఆయన రోజూ షిఫ్టు దిగేముందు ఏ ఫ్రేము మీద ఎవరున్నారో రాసుకునేవాడు. 'బి షిఫ్టు. 7 – పెద్దక్క, 8 – పొట్టి (కాం), 9 – కర్రెన్న (కాం)'. కాంట్రాక్టు వాళ్ల పక్కన 'కాం' అని బ్రాకెట్‌లో. ఏ రోజు చూసినా రెండు రకాల మనుషులూ పక్కపక్క ఫ్రేముల మీదే ఉన్నారు.

చిక్కల్లా ఏమంటే అందులో ఉన్నవన్నీ పిలుపు పేర్లు. 'పొట్టి' అని ఈఎస్ఐ రికార్డులో ఉండదు. యూనియన్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద జంపఖానా పరిచి, రెండు వారాలు ఆడవాళ్లను కూర్చోబెట్టి, పిలుపు పేరుకు ఆధార్ పేరు, ఆధార్ పేరుకు ఈఎస్ఐ నంబరు కలిపాం. ముగ్గురు 'పొట్టి'లు తేలారు. వాళ్లలో వాళ్లే నవ్వుకుంటూ, కొట్లాడుకుంటూ, "అది నేను గాదు, దాని షిఫ్టు అది" అంటూ తేల్చారు. నా ప్రాక్టీసులో ఇంత ఓపికగా సాక్ష్యం కట్టింది ఇంకెప్పుడూ లేదు.

డైరీ చట్టబద్ధమైన రిజిస్టరు కాదని అవతలి వకీలు అన్నాడు, నిజమే. అందుకే సమాచార హక్కు కింద ఇంకో కాగితం తెప్పించాం. ఫ్యాక్టరీల శాఖకు మిల్లు ఏటా పంపిన రిటర్న్ అది. అందులో రోజూ సగటున పనిచేసేవాళ్లు 140 అని మిల్లువాళ్లే రాసుకున్నారు. లైసెన్సు కోసం 140, అనుమతి ఎగ్గొట్టడానికి 86. కన్సిలియేషన్ అధికారి ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. మేనేజ్‌మెంటు గొంతు తగ్గింది ఆ వాయిదాలోనే.

నేను చేసిన తప్పు

ఆ గెలుపు మత్తులో నేను ఇంకో వైపు చూడలేదు. అక్రమ మూసివేత అని తేలితే నెలనెలా జీతం వస్తుంది, మిల్లు తెరవక తప్పదు అన్న ఆశ కార్మికులతో పాటు నాకూ పట్టుకుంది. కరెంటు కోసిన మిల్లు, పత్తి నిల్వ లేని గోదాము, నూలు చుట్టే ఆటోకోనర్ యంత్రం విడిభాగాలు విప్పి అమ్ముతున్నారన్న వాచ్‌మన్ మాట: ఇవన్నీ కళ్ల ముందే ఉన్నాయి. తెరిచే మిల్లులో మిషన్లు విప్పరు.

నవంబర్‌లో గేటు మీద కొత్త కాగితం వెలిసింది. ఈసారి బ్యాంకుది. 2002 సర్ఫేసీ చట్టం కింద ఆస్తి స్వాధీన ప్రకటన. అది చూసి గానీ నేను లేవలేదు. అప్పటికి గ్రాట్యుటీ దరఖాస్తు ఒక్కటీ వేయలేదు. పనిలోంచి తీసేశారని మేమే ఒప్పుకున్నట్టు అవుతుంది, 25-ఓ వాదన బలహీనపడుతుంది అని వాయిదా వేస్తూ వచ్చాను. నిజానికి 'మా హక్కులకు భంగం లేకుండా' అని ఒక వాక్యం చేర్చి, ఆగస్టులోనే ఫారం-ఐ మిల్లుకూ, జవాబు రాకపోతే ఫారం-ఎన్ కంట్రోలింగ్ అథారిటీకీ వేసి ఉండొచ్చు. 2023 ఫిబ్రవరిలో వేశాం. ఆలస్యానికి క్షమాపణ పిటిషన్ జోడించి, సంతకం పెట్టని 57 మందివీ, వాళ్లతో పాటు రాజీనామా చేసినవాళ్లలో అయిదేళ్లు నిండినవాళ్లవి కూడా వేశాం.

పీఎఫ్‌లోనూ అదే ఆలస్యం. మిల్లు వాళ్లు ఉద్యోగం మానిన తేదీ పోర్టల్‌లో ఎక్కించలేదు. పనీ లేదు, పని పోయినట్టూ లేదు. చివరి కంట్రిబ్యూషన్ పడ్డ రెండు నెలల తర్వాత కార్మికుడే ఆ తేదీ ఎక్కించుకునే వీలు 2020 నుంచే ఉంది. ఆ సంగతి మాలో ఎవరికీ ముందు తట్టలేదు, హైదరాబాద్‌లో చదివే ఒక సైడర్ కొడుకు చెప్పాడు. ఇక పేర్ల తేడాలు: మిల్లు రికార్డులో ఇంటిపేరు లేదు, ఆధార్‌లో ఉంది, పుట్టిన సంవత్సరం ఇక్కడొకటి అక్కడొకటి. దిద్దించాలంటే అప్పట్లో యజమాని సంతకం కావాల్సి వచ్చేది, ఆఫీసుకు తాళం. గెజిటెడ్ అధికారుల చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ చేయించాం. అటల్ యోజన 57 మందిలో 11 మందికే అందింది, తలా పదిహేడు వేల పైచిలుకు. మిగతావాళ్లకు ఆలస్యమో, కంట్రిబ్యూషన్ రోజులు చాలకపోవడమో అడ్డొచ్చింది. ఆలస్యంలో నా వాటా ఉంది.

ఒప్పందం

కంపెనీ దివాలా ట్రిబ్యునల్‌కు పోతుందన్న వార్త వచ్చాక లెక్కలు మారాయి. 2016 దివాలా చట్టం కింద కేసు చేరితే మారటోరియం పడుతుంది, మన రికవరీలన్నీ ఆగిపోతాయి. లిక్విడేషన్ దాకా, అంటే ఆస్తులమ్మి అప్పులు తీర్చేదాకా, వెళ్తే చివరి 24 నెలల కార్మిక బకాయిలకు ఆస్తి తాకట్టు మీద అప్పిచ్చిన సెక్యూర్డ్ అప్పులవాళ్లతో సమాన స్థానం ఉంటుంది, పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు లిక్విడేషన్ ఆస్తిలో కలవవు. కాగితం మీద బాగుంది. కానీ ఈ మిల్లు గ్రాట్యుటీకి విడిగా నిధి పెట్టనే లేదు. లేని నిధిని బయట ఉంచి ఏం లాభం?

2023 జూన్‌లో డిస్ప్యూట్స్ చట్టం సెక్షన్ 12(3) కింద ఒప్పందం రాసుకున్నాం. 57 మందికి గ్రాట్యుటీ పూర్తిగా, పరిహారం 60 శాతం. కాంట్రాక్టు వాళ్లలో డైరీలోనూ ఈఎస్ఐ జాబితాలోనూ మూడేళ్లకు మించి పేరు కనబడ్డ 34 మందికి తలా 25,000. మిగిలిన 27 మందికి బాకీ జీతాలు మాత్రమే. రాజీనామా చేసినవాళ్లలో అర్హులకు గ్రాట్యుటీ, ఇచ్చిన 30,000 అందులో కోయకుండా. ఆ చివరి షరతు కోసం ఒక పూటంతా వాదించాం, ఎక్కువ వాదించింది సైడరామే. "వాళ్లు మాకంటె ముందుగాల ఆకలైనోళ్లు, గంతే" అంది.

కాంట్రాక్టు వాళ్లలో ఒకతను ఒప్పందం రోజున నన్ను పక్కకు పిలిచి, "మా లెక్క జూపి మీరు గెలిస్తిరి, మాకు ఇరవై అయిదు వేలేనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వాళ్ల సంఖ్య లేకపోతే బేరమాడే బలమే మాకు వచ్చేది కాదు.

సైడరామె వాటా 94,500 ప్లస్ 49,140, మొత్తం 1,43,640. మూడు వాయిదాల్లో. రెండు వచ్చాయి. 2024 జనవరి చెక్కు తిరిగొచ్చింది. సెక్షన్ 33-సి(1) కింద భూమిశిస్తు బకాయిలా వసూలు చేయమని దరఖాస్తు పెట్టాం.

ఈ కేసు గురించి చెప్పినప్పుడల్లా కుర్ర వకీళ్లు అడిగేది ఒకటుంది: ఇప్పుడైతే ఏమవుతుంది? 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లో మూసివేత అనుమతి హద్దు వంద నుంచి 300కు పెరిగింది. అంటే 147 అని మేం వేపచెట్టు కింద కట్టిన లెక్క ఇప్పుడు ఎందుకూ కొరగాదు. రిట్రెంచ్ అయినవాళ్లకు, అంటే పనిలోంచి తీసేసినవాళ్లకు, 15 రోజుల వేతనంతో రీస్కిల్లింగ్ నిధి అని ఒకటి పెట్టారు. సైడరామె లెక్కన 5,850 రూపాయలు. నలభై దాటిన రింగ్ ఫ్రేమ్ సైడర్‌కు ఆ డబ్బుతో ఏ పని నేర్పుతారో నేను ఊహించలేకపోతున్నాను. పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలున్నాయి, ఇంటర్ సైన్సో ఐటీఐయో అడుగుతాయి. మా వాళ్లలో కొందరు అక్కడికే పోయారు, కాంట్రాక్టర్ కింద, ఊడ్చే పనికి. ఇద్దరు జాబర్లు తిరుప్పూరు వైపు మిల్లులకు వెళ్లారు. రెండు కుటుంబాలు మళ్లీ మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాయి.

సైడరామె సీజన్‌లో జిన్నింగ్ మిల్లుకు పోతోంది, మిగతా రోజులు పత్తి ఏరడానికి. మొన్న ఫోన్ చేసింది, మూడో వాయిదా గురించే అనుకున్నాను. కాదు. మిల్లు గేటు దగ్గర లారీలు ఆగి ఉన్నాయట, ఫ్రేములు ఎక్కిస్తున్నారట. "ఏడో నంబరు నాదే సార్, ఇప్పుడే ఎక్కిచ్చిండ్రు" అంది. ఫోటో పంపమన్నాను, లారీ నంబరు కనబడేట్టు. రికవరీ ఫైలులో పెట్టాలి.